నెమ్మదిగా కొలిస్తే దొరకని లోపం: ఒక సెమీ ఆటోమేటిక్ పీసీపీ రైఫిల్, దాని రెగ్యులేటర్

నేపథ్యం

ఈ కేసులోనిది 5.5 మి.మీ. క్యాలిబర్ సెమీ ఆటోమేటిక్ పీసీపీ (ముందే అధిక పీడనంతో నింపిన గాలితో పేలే) ఎయిర్ రైఫిల్. దానికి 12 పెల్లెట్లు పట్టే గుండ్రటి మ్యాగజైన్, బ్యారెల్ కింద 300 సి.సి. గాలి సిలిండర్ ఉన్నాయి. సిలిండర్‌ను 200 బార్ల వరకు నింపవచ్చు. మోడల్ పేరు, యజమాని వివరాలు, అంతకుముందు దాన్ని విప్పినవారెవరన్నది పాఠకుడికి ఉపయోగపడే సంగతులు కావు కనుక వదిలేశాను. కొలతలు మాత్రం పని జరుగుతుండగా పుస్తకంలో రాసుకున్నవే. వేగాలన్నీ బ్యారెల్ మూతి దగ్గర సెకనుకు ఇన్ని మీటర్లు అన్న లెక్కలో ఉన్నాయి.

రైఫిల్ తయారైనప్పుడు రెగ్యులేటర్, అంటే సిలిండర్ పీడనం ఎంతున్నా వాల్వ్‌కు ఒకే పీడనం అందించే భాగం, లేదు. రెగ్యులేటర్ లేని పీసీపీలు చాలావాటిలో కనిపించే తీరే ఇందులోనూ ఉండేది: సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు వేగం కాస్త తక్కువ, పీడనం దిగేకొద్దీ ఎక్కువ, ఆ తర్వాత మళ్లీ తక్కువ. షాట్‌కు గాలిని వదిలే వాల్వ్‌ను మూసి ఉంచే బలం కూడా గాలి పీడనానిదే కనుక, పీడనం మరీ హెచ్చుగా ఉంటే, ట్రిగ్గర్ నొక్కినప్పుడు వాల్వ్‌ను కొట్టే హ్యామర్ దెబ్బకు వాల్వ్ కాసేపే తెరుచుకుంటుంది. పీడనం తగ్గితే ఎక్కువసేపు తెరుచుకుంటుంది గానీ, పెల్లెట్‌ను తోసే బలం తగ్గుతుంది. టార్గెట్ సాధనకు ఈ ఎత్తుపల్లాలు ఇబ్బందిగా ఉన్నాయని యజమాని సిలిండర్ లోపల ఒక రెగ్యులేటర్ పెట్టించుకున్నారు. దాన్ని 130 బార్లకు సెట్ చేశారు.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కైతే ఇది మామూలు మార్పు. అక్కడ గాలికి ఉన్న పని పెల్లెట్‌ను తోయడం ఒక్కటే. పెల్లెట్‌ను బ్యారెల్‌లోకి ఎక్కించే బోల్ట్‌ను లాగేది మనిషి చెయ్యి. సెమీ ఆటోమేటిక్‌లో వాల్వ్ తెరుచుకున్నప్పుడు గాలిలో కొంత భాగం పక్కదారిన వెళ్లి బోల్ట్‌ను వెనక్కి నెడుతుంది. ఆ బోల్టే హ్యామర్‌ను వెనక్కి తీసుకెళ్లి, ట్రిగ్గర్ నొక్కేదాకా దాన్ని పట్టి ఉంచే సియర్‌కు తగిలిస్తుంది, తర్వాత రిటర్న్ స్ప్రింగ్ బలంతో ముందుకు వచ్చి మరో పెల్లెట్‌ను బ్యారెల్‌లోకి ఎక్కిస్తుంది. అంటే ఒక షాట్‌లో గాలి కాస్త తక్కువైతే నష్టపోయేది ఆ షాట్ వేగం మాత్రమే కాదు, తర్వాతి షాట్‌కు జరగవలసిన ఏర్పాటు కూడా.

వచ్చిన సమస్య

యజమాని మూడు ఫిర్యాదులు చెప్పారు. చాలాసేపు పక్కన పెట్టి తీసినప్పుడు మొదటి షాట్ పైకి పోతోంది. వరుసగా పేలిస్తే నాలుగైదు షాట్ల తర్వాత బోల్ట్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. రెండు సందర్భాల్లో ట్రిగ్గర్ మళ్లీ నొక్కకుండానే బలహీనమైన రెండో షాట్ పేలింది.

మూడోది విన్నాక మిగతా రెండింటి గురించి అప్పటికి ఆలోచించలేదు. బోల్ట్ సగంలో ఆగితే హ్యామర్ సియర్‌కు చిక్కదు. బోల్ట్‌తో పాటే ముందుకు జారి వాల్వ్‌ను తడుతుంది. ఆ తట్టుకు వెలువడే కొద్దిపాటి గాలి పెల్లెట్‌ను బ్యారెల్ మధ్యదాకా మాత్రమే తోసి ఆగిపోవచ్చు. అది తెలియక మరో షాట్ పేలిస్తే ఒక పెల్లెట్ వెనక ఇంకొకటి చేరుతుంది. సిలిండర్ ఖాళీ చేసి, మ్యాగజైన్ తీసి, బ్యారెల్‌లోకి రాడ్ పెట్టి చూస్తే సగం దూరంలో ఒక పెల్లెట్ ఇరుక్కుని ఉంది. అది బయటికి వచ్చేదాకా రైఫిల్‌లోకి గాలి ఎక్కించలేదు.

యజమాని తనతో ఒక క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగాన్ని కొలిచే పరికరం) కాగితం కూడా తెచ్చారు. అందులో పది షాట్లు ఉన్నాయి: సగటు 268, అత్యధికానికీ అత్యల్పానికీ తేడా 5. ఆ పెల్లెట్ బరువు 1.175 గ్రాములు కాబట్టి శక్తి దాదాపు 42 జౌళ్లు. ఎవరికి చూపించినా "రెగ్యులేటర్ బాగానే ఉంది" అనే చెబుతారు, ఆయనకు చెప్పారు కూడా. ఆ కాగితంలోని అంకెలు తప్పు కావు. అయితే ఒక్కో షాట్‌కూ మధ్య ఎంత సమయం గడిచిందన్నది అందులో లేదు.

అంతకుముందు చేసిన ప్రయత్నాలు

బోల్ట్ వెనక్కి రావడం లేదంటే బలం చాలడం లేదని ఎవరికైనా తోస్తుంది. ముందుగా హ్యామర్ స్ప్రింగ్‌ను రెండు చుట్లు బిగించారు. అలా చేస్తే వాల్వ్ ఎక్కువసేపు తెరుచుకుని బోల్ట్‌కు ఎక్కువ గాలి అందుతుందన్నది వారి తర్కం. ఇది సగమే నిజం. బిగించిన స్ప్రింగ్‌ను మళ్లీ వెనక్కి నొక్కవలసింది కూడా ఆ బోల్టే. అంటే బోల్ట్‌కు బలంతో పాటు భారమూ పెరిగింది. పైగా ఒక్కో షాట్‌కు ఖర్చయ్యే గాలి పెరిగింది. ఒకటి రెండు షాట్లకు బాగానే పనిచేసి, వరుస షాట్లలో మునుపటికన్నా త్వరగా ఆగిపోవడం మొదలైంది.

తర్వాత రెగ్యులేటర్‌ను 145 బార్లకు పెంచారు. నాలుగో షాట్‌కు ఆగేది ఆరో షాట్ దాకా సాగింది గానీ, ఒక వింత మార్పు కనిపించింది: ఇదివరకు వేగంగా పైకి పోయిన మొదటి షాట్ ఇప్పుడు నెమ్మదిగా కిందికి పోతోంది, కొన్నిసార్లు దాని తర్వాత బోల్ట్ కదలడమే లేదు. దీన్ని కొత్త జబ్బనుకుని మూడో మార్పుగా రిటర్న్ స్ప్రింగ్‌ను బలహీనమైనదానితో మార్చారు. దాంతో బోల్ట్ వెనక్కి తేలికగా వచ్చింది, కానీ ముందుకు పూర్తిగా వెళ్లలేదు. పెల్లెట్ల అంచులు మ్యాగజైన్ గోడకు కోసుకుపోయాయి. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్లయింది.

నేను మొదట చేసింది ఈ మూడు మార్పులనూ వెనక్కి తీయడం. హ్యామర్ స్ప్రింగ్ పాత గుర్తుకు, రెగ్యులేటర్ 130కి, రిటర్న్ స్ప్రింగ్ అసలుదానికి. మూడు మార్పుల మీద నాలుగోది చేస్తే దేనివల్ల ఏం జరిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నాలుగు రకాల కొలత

రైఫిల్‌ను బెంచ్ మీద బిగించి, మూతిని పెల్లెట్ ట్రాప్ వైపు ఉంచి, నాలుగు తీర్లుగా కొలిచాను: పది సెకన్లకు ఒక షాట్, సెకనుకు ఒక షాట్, అరగంట వదిలేసి ఒక్క షాట్, సిలిండర్ 150 బార్లకు దిగాక మళ్లీ సెకనుకు ఒక షాట్. బోల్ట్ ఆగిన ప్రతిసారీ రాడ్‌తో బ్యారెల్ చూసి మరీ ముందుకు వెళ్లాను. ఖాళీగా, అంటే పెల్లెట్ లేకుండా పేల్చి బోల్ట్ కదలికను పరీక్షించే అలవాటు కొందరికి ఉంది. సెమీ ఆటోమేటిక్‌లో అది పనికిరాదు. బోల్ట్‌ను నెట్టే గాలికి పెల్లెట్ అడ్డు పడటం వల్ల ఏర్పడే ఎదురు పీడనం కూడా అవసరం కాబట్టి, ఖాళీ షాట్ ఫలితం అసలు షాట్‌కు వర్తించదు.

పది సెకన్ల తీరులో యజమాని కాగితంలోని అంకెలే వచ్చాయి. సెకను తీరులో 268, 262, 255, 247. అయిదో షాట్‌కు బోల్ట్ సగంలో ఆగింది. అరగంట తర్వాతి ఒక్క షాట్ 279. సిలిండర్ 150 దగ్గర ఉన్నప్పుడు సెకను తీరులో మూడో షాట్‌కే ఆగిపోయింది.

ఈ నాలుగు వరసలను పక్కపక్కన పెట్టి చూస్తే ఉన్నది ఒక లోపం కాదు, రెండు అని తేలింది. రెండూ రెగ్యులేటర్ దగ్గరే ఉన్నాయి, కాని ఒకదానికొకటి వ్యతిరేక దిశలో పనిచేస్తున్నాయి. మొదటిది, షాట్ల మధ్య ఎక్కువ విరామం ఉంటే రెగ్యులేటర్ పూర్తిగా మూసుకోక, దానికీ వాల్వ్‌కూ మధ్య ఉండే గది పీడనం మెల్లగా పెరుగుతోంది. ఆ గదికి ఒక పరీక్ష గేజ్ తగిలించి చూస్తే 130 కాస్తా అరగంటలో 148 అయింది. రెండోది, విరామం మరీ తక్కువైతే రెగ్యులేటర్ ఆ గదిని సమయానికి నింపలేకపోతోంది. సిలిండర్ పీడనం దిగేకొద్దీ నెట్టే తేడా తగ్గుతుంది కాబట్టి నింపడం ఇంకా మందగిస్తోంది. 150 దగ్గర మూడో షాట్‌కే ఆగడానికి కారణం అదే. పది సెకన్లన్నది ఈ రెండు లోపాలూ కనిపించని వ్యవధి: గది నిండడానికి సరిపోయేంత, పొంగడానికి చాలనంత.

మొదటి షాట్ ఒకసారి వేగంగా, మరోసారి నెమ్మదిగా రావడం కూడా ఇక్కడే విడింది. 130 దగ్గర హ్యామర్ బలం పీడనానికి మించి ఉంది, అందువల్ల పీడనం పెరిగితే వేగమూ పెరిగింది. 145కి సెట్ చేసినప్పుడు అది పొంగి 160 దాటి ఉండాలి. అంత పీడనం మీద హ్యామర్ దెబ్బ వాల్వ్‌ను సరిగా తెరవలేదు, కాబట్టి వేగం పడిపోయింది. పీడనం పొంగడం రెండుసార్లూ ఒకటే, పైకి కనిపించే లక్షణం మాత్రం తలకిందులైంది.

గాలి లెక్క

రెగ్యులేటర్ విప్పే ముందు గాలి ఖర్చు లెక్క చూశాను. 24 షాట్లకు సిలిండర్ 200 నుంచి 152 బార్లకు దిగింది. 48 బార్లను 0.3 లీటర్లతో గుణిస్తే 14.4, దాన్ని 24తో భాగిస్తే షాట్‌కు 0.6 లీటర్-బార్. అధిక పీడనంలో గాలి ఆదర్శ వాయువులా నడుచుకోదు కాబట్టి ఇది ఉజ్జాయింపే, కాని నిర్ణయం తీసుకోవడానికి చాలు. ఒక జాగ్రత్త: నింపిన వెంటనే సిలిండర్ వేడిగా ఉంటుంది, చల్లారాక గేజ్ కొన్ని బార్లు దిగుతుంది. ఆ తగ్గుదలను షాట్ల ఖాతాలో వేయకూడదు.

రెగ్యులేటర్‌కూ వాల్వ్‌కూ మధ్య ఉండే గదిని ప్లీనం అంటాం. ఈ రైఫిల్‌లో దాని పరిమాణం కొలిస్తే 20 సి.సి. వచ్చింది. 0.6 లీటర్-బార్ అంటే 600 సి.సి.-బార్, దాన్ని 20తో భాగిస్తే 30. అంటే రెగ్యులేటర్ ఏమీ అందించకపోతే ఒక్క షాట్‌కే ప్లీనం పీడనం 130 నుంచి 100కి పడుతుంది. షాట్ జరిగే ఆ కొద్ది మిల్లీసెకన్లలో రెగ్యులేటర్ అందించేది స్వల్పమే, కాబట్టి ఇంచుమించు జరిగేది ఇదే. ఆ 30 బార్లనూ సన్నని దారి గుండా సెకనులోపు తిరిగి నింపాలి. నింపలేకపోతే తర్వాతి షాట్ అప్పుతో మొదలవుతుంది, దాని తర్వాతిది ఇంకా పెద్ద అప్పుతో. 42 జౌళ్ల రైఫిల్‌కు 30 సి.సి.కి పైబడిన ప్లీనం ఉండాలన్నది నేను వాడే మోటు లెక్క. 20 ఎందుకు పెట్టారంటే, రెగ్యులేటర్‌ను వాల్వ్ వైపు కదలకుండా ఆపడానికి దాదాపు గట్టి కడ్డీలాంటి స్పేసర్ వాడారు. 55 మి.మీ. పొడవు, మధ్యలో 8 మి.మీ. రంధ్రం. ఉండవలసిన గాలి స్థలాన్ని లోహం తినేసింది.

నా పొరపాటు

ఇంత లెక్క చూసి కూడా, పీడనం పొంగే సమస్యకు గాలి కారకుండా ఆపే ఓ రింగుల మీద అనుమానపడి వాటిని మాత్రమే మార్చి బిగించేశాను. రెగ్యులేటర్ మూసుకునేటప్పుడు ఆనే సీటును కంటితో చూసి బాగుందనుకున్నాను. మళ్లీ నింపితే పొంగడం 148 నుంచి 144కి తగ్గింది, అంతే. ఆ నాలుగు బార్ల తగ్గుదల చూసి, కొత్త రింగులు సర్దుకుంటే ఇంకా తగ్గుతుందని మూడు రోజులు ఎదురుచూడటం అంతకన్నా పెద్ద పొరపాటు.

రెండోసారి విప్పి సీటును భూతద్దం కింద పెడితే, మూసుకునే వలయం మీద వెంట్రుకంత గీత, దాని చివర ఒక లోహపు రేణువు కనిపించాయి. నింపే గాలి దారిలో ఫిల్టర్ లేదు. ఆ రేణువు అలాగే వచ్చి ఉండాలి. 200 బార్లు ఒక పక్క, 130 మరో పక్క ఉన్నప్పుడు కంటికి కనిపించని గీత కూడా అరగంటలో 18 బార్లు దాటించగలదు.

పనిచేసినవి

సీటును సాన పట్టి సరిచేసే ఆలోచన వచ్చింది గానీ మానుకున్నాను. సీటు ముఖం ఏమాత్రం వాలినా అది వలయమంతటా సమానంగా కూర్చోదు. చేత్తో రుద్ది ఆ సమతలం తేగలనన్న నమ్మకం నాకు లేదు. కొత్త సీటు పెట్టాను, నింపే ద్వారానికి ఫిల్టర్ బిగించాను. రెగ్యులేటర్ పీడనాన్ని నిర్ణయించే డిస్క్ స్ప్రింగుల అమరిక సరిగానే ఉంది, కాని అవి పొడిబారి, ఒకటి రెండింటి మీద తుప్పు కనిపించింది. ఒకదానిపై ఒకటి జారే చోట రాపిడి ఉంటే రెగ్యులేటర్ ప్రతిసారీ ఒకే పీడనం దగ్గర మూసుకోదు. శుభ్రం చేసి, తుప్పు పట్టినవి మార్చి, పలచగా గ్రీజు రాశాను. గాలి తగిలే చోట్ల సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాను. అధిక పీడన గాలిలో పెట్రోలియం నూనెలు మండే ప్రమాదం ఉంది.

ఆ స్ప్రింగులుండే అరకు బయటి గాలితో సంబంధం కల్పించే చిన్న రంధ్రం ఒకటి సిలిండర్ గోడలో ఉంటుంది. అది సగం మూసుకుపోయి ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. ఓ రింగును దాటిన కాస్త గాలి ఆ అరలో చిక్కుకుంటే, అది స్ప్రింగులకు తోడై పిస్టన్‌ను తెరిచే వైపు నెడుతుంది, సెట్ చేసిన పీడనం దానంతటదే పెరుగుతుంది. ఈ రంధ్రం ఉండటం వల్లనే ప్లీనం పెంచడానికి రెగ్యులేటర్‌ను వెనక్కి జరపలేకపోయాను. జరిపితే రంధ్రం ఓ రింగుల మధ్య నుంచి తప్పిపోతుంది. పీడనం భరించే సిలిండర్‌కు కొత్త రంధ్రం వేసే పని నేను చేయను.

మిగిలింది స్పేసర్. అదే పొడవులో, గోడ మందం 2.5 మి.మీ. ఉండేలా అల్యూమినియం గొట్టం తయారు చేయించాను. అది భరించవలసిన బలాన్ని ముందే లెక్క చూసుకోవాలి. ప్లీనం ఖాళీగా ఉండి సిలిండర్ 200 బార్ల మీద ఉంటే, 25 మి.మీ. లోపలి వ్యాసానికి రెగ్యులేటర్ మీద పడే తోపు దాదాపు 9,800 న్యూటన్లు, అంటే టన్ను బరువంత. గొట్టం గోడ వైశాల్యం సుమారు 175 చదరపు మి.మీ. కాబట్టి చదరపు మి.మీ.కు 56 న్యూటన్లు పడుతుంది. 6061 టీ6 రకం అల్యూమినియం దీనికి నాలుగు రెట్లకు మించి భరిస్తుంది. ఈ మార్పుతో ప్లీనం 20 నుంచి 34 సి.సి. అయింది.

ఆ తర్వాతే హ్యామర్ స్ప్రింగ్ జోలికి వెళ్లాను. ప్లీనం పెద్దదైతే షాట్ జరుగుతున్నంతసేపూ పీడనం అంతగా పడదు, అందుచేత రెగ్యులేటర్‌ను 125కి దించగలిగాను. హ్యామర్ స్ప్రింగ్‌ను పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ వేగం పడిపోవడం మొదలయ్యే చోటు వెతికాను. బోల్ట్ యాక్షన్ అయితే గరిష్ఠ వేగానికి నాలుగైదు శాతం దిగువన ఆపుతాను, గాలి బాగా ఆదా అవుతుంది. ఇక్కడ బోల్ట్‌కు కూడా మిగులు కావాలి కాబట్టి రెండు శాతం దగ్గరే ఆపాను. ఆదా కోసం ఇంకా దిగితే, చల్లటి రోజున గ్రీజు చిక్కబడినప్పుడు మళ్లీ బోల్ట్ సగంలో ఆగుతుంది.

ఫలితం: పది సెకన్ల తీరులో సగటు 266, తేడా 6. అంటే యజమాని తెచ్చిన పాత కాగితం కన్నా ఒక మీటరు ఎక్కువ తేడా! ఆ కాగితాన్నే నమ్ముకుంటే నా పని రైఫిల్‌ను చెడగొట్టినట్లే లెక్క. సెకను తీరులో పన్నెండు షాట్లూ ఆగకుండా, 266తో మొదలై 258 దగ్గర ముగిశాయి. గంట విరామం తర్వాత మొదటి షాట్ 268. ప్లీనం గేజ్ 127 దగ్గర నిలబడిపోయింది. 24 షాట్లకు సిలిండర్ 200 నుంచి 158కి దిగింది, అంటే షాట్‌కు 0.525 లీటర్-బార్. హ్యామర్ జారి పేలడం మళ్లీ జరగలేదు. సగటు శక్తి 42 జౌళ్ల లోపే ఉంది. ట్యూనింగ్‌కు ముందూ తర్వాతా శక్తిని కొలిచి రాసిపెడతాను, ఎందుకంటే ఎయిర్ రైఫిళ్ల శక్తికి చట్టపరమైన పరిమితి ఉన్నచోట దాన్ని తెలియకుండా దాటినా బాధ్యత యజమానిదే.

నా పనితీరులో మారినవి

ఈ కేసు తర్వాత సెమీ ఆటోమేటిక్ ఏది వచ్చినా, ఒకే విరామంతో కొలిచిన కాగితాన్ని ఆధారంగా తీసుకోవడం మానేశాను. క్రోనోగ్రాఫ్ అంకె పక్కన షాట్ల మధ్య విరామం, అప్పటి సిలిండర్ పీడనం, అంతకుముందు ఎంతసేపు వదిలేశామన్నది రాయకపోతే ఆ అంకెతో నాకు పని లేదు. రెగ్యులేటర్ సీటును భూతద్దం లేకుండా చూసి బాగుందని రాయడం కూడా మానేశాను.

బోల్ట్ ఆగిపోయే రైఫిల్ వచ్చినప్పుడు స్ప్రింగుల దగ్గరికి చివర వెళ్తాను. స్ప్రింగ్ తిప్పడం తేలిక, విప్పనక్కరలేదు, వెంటనే ఏదో ఒక మార్పు కనిపిస్తుంది. ఈ మూడు కారణాల వల్లే అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. ముందు గాలి ఎంత ఖర్చవుతోంది, ప్లీనం ఎంత, అది ఎంతసేపట్లో నిండుతోంది అన్నవి తెలిస్తే, స్ప్రింగ్ తిప్పాలా వద్దా అన్నది చాలావరకు అప్పుడే తేలిపోతుంది.

ఒక పరిమితి మాత్రం మిగిలింది. సిలిండర్ 140 బార్ల దగ్గర సెకను తీరులో చివరి షాట్లు 251కి దిగుతున్నాయి, బోల్ట్ ఇంకా పనిచేస్తున్నా మిగులు సన్నగిల్లింది. 135 కంటే దిగువన నమ్మకం లేదు. అందువల్ల రెండు మ్యాగజైన్లు పూర్తయ్యాక గేజ్ చూసుకోమని, 145 దగ్గర తప్పక నింపమని యజమానికి రాసిచ్చాను. ఆయన మూడో మ్యాగజైన్ కూడా పూర్తిగా రావాలని అడిగారు. దానికి పెద్ద సిలిండర్ కావాలి, లేదా శక్తి తగ్గించుకోవాలి. రెండింటికీ ఆయన ఒప్పుకోలేదు. రైఫిల్‌ను అలాగే తీసుకెళ్లారు, ఆరు నెలలకు పీడనం పొంగుతోందేమో చూడటానికి తీసుకొస్తే గేజ్ 128 దగ్గర ఆగింది.